పాత కార్లూ, వాటిని నడిపించే చేతులూ



ముప్పై అయిదేళ్ళలో ఒక కారు ఎంత దూరం తిరుగుతుంది? జగ్గయ్యపేట సెంటర్లో కిరాయికి తిరిగే బండయితే లక్షల కిలోమీటర్లు దాటి, ఒకటికి రెండుసార్లు ఇంజిన్ పని చేయించుకొని, చివరికి పాత ఇనుము కొట్టుకు చేరుతుంది. నిజాం గారి కొలువులో ఉన్న ఒక రోల్స్‌రాయిస్ మాత్రం అన్నేళ్ళలో తిరిగింది 356 మైళ్ళే. మన లెక్కలో 570 కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాదులో బయల్దేరి కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ మీదుగా బెజవాడ వచ్చి, దుర్గమ్మకు దండం పెట్టుకొని వెనక్కి వెళ్ళిపోతే దాదాపు అంత.

ఆ కారుకు ఆర్డరు ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. అది ఇంగ్లండు నుంచి వచ్చేలోపే, 1911 ఆగస్టులో ఆయన పోయారు. కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కొలువుకు చేరింది. పసుపు రంగు బాడీ, వెండి నగిషీలు, లోపల సింహాసనం లాంటి పెద్ద పీట. అందుకే దానికి థ్రోన్ కార్ అని పేరొచ్చింది. ఏడో నిజాం సంగతి తెలిసిందే. 1937లో టైమ్ పత్రిక ఆయన బొమ్మను అట్టమీద వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడంది. ఆయన పొదుపు గురించి హైదరాబాదులో ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. అలాంటి ప్రభువు వెండి నగిషీల కారును రోజూ బయటికి తీస్తాడా! అది ఉత్సవాలకే పరిమితమైంది. ఇవాళ మరమ్మతు పూర్తయి, హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1906 నాటి నేపియర్ కారుతో పాటు సందర్శకుల ముందుంది.

ఇలాంటి కార్లున్నవాళ్ళు ప్రపంచమంతటా సంఘాలు కట్టుకున్నారు. పైకి చూస్తే డబ్బున్నవాళ్ళ ముచ్చట. ముచ్చటే, కాదనక్కర్లేదు. కానీ ర్యాలీ రోజు ఫోటోలు పక్కనపెట్టి, ఏడాదిలో మిగిలిన రోజుల్లో ఆ సంఘాలు ఏం చేస్తుంటాయో చూస్తే కథ వేరేగా ఉంటుంది. అక్కడ కనిపించేది ఎక్కువగా గ్రీజు, ఫైలు పట్టిన ఇనుము, రవాణా శాఖ ఫారాలు.

ఇంగ్లండులో వెటరన్ కార్ క్లబ్ 1930లో మొదలైంది. నాలుగేళ్ళకు వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ వచ్చింది. రోల్స్‌రాయిస్ యజమానులకు 1949 నుంచి ట్వంటీ ఘోస్ట్ క్లబ్ ఉంది. లండన్ నుంచి బ్రైటన్ దాకా ఏటా నవంబరులో జరిగే పరుగులో 1905కు ముందు తయారైన బండ్లకే చోటు. 1896 నవంబరులో అక్కడి చట్టం మోటారు బండ్ల వేగ పరిమితిని గంటకు 14 మైళ్ళకు పెంచింది. ఆ సంతోషంలో చేసిన ప్రయాణానికి ఇది జ్ఞాపకం.

మన దేశంలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో పాత కార్ల ర్యాలీ మొదలుపెట్టింది. తర్వాత కలకత్తాలోనూ జరిపింది. ముంబైలో వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా, చెన్నైలో మద్రాస్ హెరిటేజ్ మోటరింగ్ క్లబ్, హైదరాబాదులో దక్కన్ హెరిటేజ్ ఆటోమొబైల్ అసోసియేషన్ ఉన్నాయి. ప్రపంచ స్థాయిలో వీటన్నిటికీ పెద్దదిక్కు 1966లో ఏర్పడిన ఫీవా అనే సమాఖ్య. ముప్పై ఏళ్ళు దాటి, చరిత్రకు తగ్గట్టు భద్రంగా ఉండి, రోజువారీ తిరుగుడుకు వాడని బండిని ఆ సమాఖ్య చారిత్రక వాహనంగా గుర్తిస్తుంది.

స్టేట్స్‌మన్ ర్యాలీలో జనం ఎగబడి చూసే బండ్లలో ఒకటి అసలు కారే కాదు, ఫైరింజన్. 1914లో ఇంగ్లండులో జాన్ మారిస్ కంపెనీ తయారుచేసింది. దాన్ని కొన్నది నిజాం రైల్వే. ఇప్పుడు ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో ఉంటుంది, ర్యాలీకి మాత్రం తన ఇంజిన్ మీదే కదిలి వస్తుంది. ఒకే రాజ్యం, రెండేళ్ళు అటూ ఇటూగా అదే కాలం. ఒక బండి సింహాసనం మోసింది, ఇంకొకటి నీళ్ళ గొట్టాలు మోసింది. ఈ వ్యాసకర్త ఓటు రెండోదానికే.

సరే, రోల్స్‌రాయిస్ దగ్గరికే వద్దాం. ఆ రోజుల్లో ఆ కంపెనీ కారు మొత్తం తయారుచేసి అమ్మేది కాదని చాలామందికి తెలియదు. ఇంజిన్, గేరుబాక్సు, చక్రాలు, రేడియేటరు బిగించిన చాసిస్ ఇచ్చేది. బాడీ కట్టించుకునే పని కొనుక్కున్నవాళ్ళది. నిజాం థ్రోన్ కారుకు బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. హూపర్, థ్రప్ అండ్ మేబర్లీ లాంటి పేరున్న కంపెనీలు ఇంకా ఉండేవి. వాళ్ళంతా అంతకుముందు గుర్రపు బగ్గీలు కట్టినవాళ్ళే. చెక్క చట్రం నిలబెట్టి, దానిమీద రేకు తొడిగి, పొర మీద పొరగా రంగు వేసి అరగదీసేవారు.

ఈ పద్ధతి ఉమ్మడి కృష్ణా జిల్లా వాళ్ళకు వింతేమీ కాదు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీలకు జరిగేది ఇదే. కంపెనీ నుంచి చాసిస్ వస్తుంది. ముందు ఎండకూ వానకూ అడ్డు లేకుండా, హెల్మెట్ పెట్టుకొని, చెక్కపెట్టె మీద కూర్చున్న డ్రైవరు దాన్ని హైవే మీద నడుపుకుంటూ తెస్తాడు. ఆటోనగర్ షెడ్లో వడ్రంగి క్యాబిన్ కడతాడు, టింకరింగ్ మేస్త్రీ రేకు కొడతాడు, పెయింటరు నెమళ్ళూ తామరపూలూ వేస్తాడు. నిజాం థ్రోన్ కారుకూ, నందిగామ మిర్చి లోడు లారీకీ ధరలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉండవచ్చు. పని వరస మాత్రం ఒక్కటే.

పాత కారును మళ్ళీ నిలబెట్టేటప్పుడు ఈ వరస అంతా తిరిగి నడవాల్సిందే. చెద పట్టిన చట్రం విప్పి, ముక్క ముక్కకూ కొలత తీసి, కొత్త చెక్క చెక్కాలి. ఇంజిన్ బేరింగులు ఇప్పటి కార్ల మాదిరి డబ్బాలో దొరికేవి కావు. వైట్ మెటల్ కరిగించి పోసి, చల్లారాక లేత్ మీద తోడి, షాఫ్టుకు నీలిరంగు పూసి తిప్పి, ఎక్కడ అంటుకుందో చూసి అక్కడ గీకి సరిపెట్టాలి. ఆ గీకుడు తెలిసిన చేతులు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. క్లబ్బు సభ్యులు ఒకరికొకరు ఇచ్చుకునే విలువైన సమాచారం ఇదే. ఏ ఊళ్ళో ఏ సందులో ఏ పెద్దాయన ఇంకా పోత పోస్తున్నాడు, ఆయన కొడుకు నేర్చుకున్నాడా లేదా అన్నదే ఎప్పుడూ మాట్లాడుకునే సంగతి.

ఆ రోజుల రోల్స్‌రాయిస్ మోడలు సిల్వర్ ఘోస్టును బయల్దేరదీయడం ఎలా ఉంటుందో చూద్దాం. 1919 దాకా దానికి సెల్ఫ్ స్టార్టరు లేదు. చాలా ఘోస్టులకు ముందు చేతిపంపు కొట్టి పెట్రోలు ట్యాంకులో గాలి ఒత్తిడి ఎక్కించాలి. స్టీరింగు చక్రం మధ్యలో చిన్న మీటలుంటాయి. ఒకటి నిప్పురవ్వ పడే సమయాన్ని ముందుకూ వెనక్కీ జరుపుతుంది. స్టార్టు చేసేటప్పుడు దాన్ని వెనక్కి లాగి ఉంచాలి. మరిచిపోతే హ్యాండిల్ ఎదురు తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ వెయ్యరు, మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉంచి పట్టుకుంటారు. ముందు ఊరికే నాలుగైదు చుట్లు తిప్పి సిలిండర్లలోకి పెట్రోలు లాగనిస్తారు. తర్వాత స్విచ్చి వేసి ఒక్క లాగు లాగుతారు. ఏడు లీటర్లు దాటిన ఆరు సిలిండర్ల ఇంజిన్ అందుకుంటే, పక్కన నిలబడ్డవాళ్ళకు అది నడుస్తోందా లేదా అని అనుమానం వచ్చేంత నెమ్మది. 1907లో ఇదే మోడలు కారు ఇంగ్లండు, స్కాట్లండు రోడ్ల మీద 14,371 మైళ్ళు మొరాయించకుండా తిరిగి, కంపెనీ పేరును నిలబెట్టింది. మరుసటి ఏడాదే పెర్ల్ ఆఫ్ ది ఈస్ట్ అనే మరో ఘోస్టు బొంబాయి, కొల్హాపూర్ మధ్య ఘాట్ రోడ్ల పోటీలో గెలిచింది. దాన్ని గ్వాలియర్ మహారాజు కొన్నారు. సంస్థానాధీశులకు రోల్స్‌రాయిస్ మోజు అక్కడ నుంచే ఊపందుకుంది.

బయల్దేరదీయడం ఒక ఎత్తు, ఆపడం ఇంకో ఎత్తు. రోల్స్‌రాయిస్ ముందు చక్రాలకు బ్రేకులు పెట్టింది 1920ల మధ్యలో. అంతకుముందు బండి రెండు టన్నుల బరువుతో వస్తుంటే ఆపాల్సింది వెనక చక్రాలే. ఇవాళ్టి అరవై అయిదో నంబరు జాతీయ రహదారి మీద, ఐతవరం దగ్గరో చిల్లకల్లు దగ్గరో, ముందు వెళ్ళే ఆటో చెయ్యి కూడా చూపకుండా పక్కకు తిరిగితే ఆ డ్రైవరు పరిస్థితి ఊహించుకోవాల్సిందే. క్లబ్బుల డ్రైవులు ఎక్కువగా ఆదివారం తెల్లవారుజామున పెట్టుకోవడానికి కారణం ఇదే. ట్రాఫిక్కు ఉండదు, రేడియేటరు మరగదు. వెనక ఒక మెకానిక్కు బండి, దాంట్లో నీళ్ళ డబ్బాలు, ఫ్యాను బెల్టులు, తాడు ఉండాల్సిందే.

రోడ్డు మాట వచ్చింది కాబట్టి ఈ ప్రాంతపు మోటారు కథ ఒకటి చెప్పుకోవాలి. జగ్గయ్యపేటకు పక్కనే కృష్ణ ఒడ్డున ఉన్న ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ నందికొండ దగ్గర ఆనకట్ట కావాలని ఏళ్ళ తరబడి పోరాడారు. 1952లో ఖోస్లా కమిటీ స్థలం చూడ్డానికి వచ్చే వేళకు అక్కడికి దారి లేదన్న అడ్డంకి ఎదురైంది. రాజా చుట్టుపక్కల గ్రామాల జనాన్ని కూడగట్టి, అడవిలో వాహనాలు పోయే బాట వేయించారు. కమిటీ వెళ్ళింది, స్థలం నచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. జమీందారీ వాహనాల చరిత్ర రాసేవాళ్ళు కారు మోడలు, రంగు, సీటు తోలు గురించి పేజీలు నింపుతారు. నందికొండ బాట లాంటి ప్రయాణాలకు కూడా అందులో చోటుండాలి.

ఇక కాగితాల సంగతి. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు వీటి కిందికి వస్తాయి. చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్తగా రిజిస్టరు చేయించుకుంటే రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు. పాత నంబరు ఉన్నవాళ్ళు దాన్నే ఉంచుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు, ఆ తర్వాత పొడిగింపుకు 5,000. అలాంటి బండిని ప్రదర్శనకు, పరిశోధనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కించకూడదు. కిరాయికి అసలే తిప్పకూడదు.

ఈ నిబంధన వల్ల విలాసం లెక్క తలకిందులైంది. చట్టం కారు ధర అడగదు, వయసు అడుగుతుంది. 1970ల తొలి రోజుల అంబాసిడరు ఏ పల్లెటూరి పాకలోనో పడి ఉంటే, అది కూడా రోల్స్‌రాయిస్‌తో సమానంగా వీఏ నంబరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. చిక్కల్లా ఒకటే. పెట్రోలు ఖర్చు భరించలేక మన వైపు అంబాసిడర్లలో చాలావాటికి డీజిల్ ఇంజిన్లు ఎక్కించారు. పెళ్ళిళ్ళకూ ఆసుపత్రులకూ ఎన్నికల ప్రచారానికీ ఊరందరికీ పనికొచ్చిన బండి, ఆ పనికొచ్చిన గుణం వల్లే అసలు రూపం పోగొట్టుకుంది. ఎండలో తిరగకుండా మూలన పడి ఉన్న బండికే గుర్తింపు. 2014లో ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడరు తయారీ ఆగిపోయింది కాబట్టి, మిగిలినవాటి మీద క్లబ్బుల చూపు పడటం సహజమే.

అసలు రూపం అంటే ఏమిటన్నదాని మీద క్లబ్బుల్లో ఎడతెగని వాదం ఉంది. కొందరు కారును అద్దంలా మెరిపించి తెస్తారు. ఇంకొందరు తొంభై ఏళ్ళ కిందటి రంగు పెచ్చులూడుతున్నా ముట్టుకోనివ్వరు. విదేశీ పోటీల్లో ఇలాంటి తాకని కార్లకు విడిగా బహుమతులే ఉన్నాయి. పెనుగంచిప్రోలు వాళ్ళను అడిగితే ఈ తగువు వాళ్ళకు ఆశ్చర్యంగా ఉంటుంది. తమ ఊరి గుడిలోని తిరుపతమ్మ, గోపయ్యల విగ్రహాలను రెండేళ్ళకోసారి జగ్గయ్యపేట తీసుకెళ్ళి రంగులు వేయించి, ఊరేగింపుగా తెచ్చుకోవడం అక్కడి ఆచారం. కొత్త రంగు వేసినందువల్ల అమ్మవారు పాతదనం పోగొట్టుకుందని ఎవరూ అనరు. కార్ల జడ్జీలు మాత్రం ఒక్క మర ఇప్పటి కొలతదైనా మార్కులు కోస్తారు.

అలాంటి పోటీ ఒకటి 2017 ఫిబ్రవరిలో హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్‌లో జరిగింది. నగల కంపెనీ కార్తియే నిర్వహించిన ఈ పోటీకి అంతకుముందు ముంబై, ఢిల్లీ వేదికలు. దేశం నలుమూలల సంస్థానాల కార్లు ఆరో నిజాం నివసించిన మేడ ముందు వరసగా నిలబడ్డాయి. ఢిల్లీలో 2011లో మొదలైన 21 గన్ సెల్యూట్ పోటీ కూడా ఈ కోవదే. వీటిలో కారు పుట్టుక, మరమ్మతు నాణ్యత, విడిభాగాల నిజాయితీ చూసి మార్కులు వేస్తారు. ట్రోఫీ మీద యజమాని పేరు, కారు పేరు చెక్కుతారు. పోత పోసిన మేస్త్రీ పేరు, చెక్క చట్రం కట్టిన వడ్రంగి పేరు, తోలు కుట్టినవాడి పేరు కూడా పక్కన పెడితే ట్రోఫీ బరువేమీ పెరగదు. ఈ విషయంలో మన క్లబ్బులు ఇంకా జమీందారీ కాలంలోనే ఉన్నాయనిపిస్తుంది.

మేస్త్రీ పేరే ముందుండే ఉదాహరణ తెలుగువాళ్ళలో ఉంది. కోయంబత్తూరు దగ్గర తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు హోటల్లో సర్వరుగా పనిచేసి, ఒక ఇంగ్లీషు అధికారి దగ్గర మోటారు సైకిలు కొని, దాన్ని విప్పి బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిలబెట్టారు. ఆయన కుటుంబం వారు 2015లో కోయంబత్తూరులో జీడీ కార్ మ్యూజియం తెరిచారు. అహ్మదాబాదు శివార్లలో ప్రాణ్‌లాల్ భోగీలాల్ కూర్చిన ఆటో వరల్డ్ సంపన్నుల అభిరుచికి అద్దం పడితే, కోయంబత్తూరు మ్యూజియం వెనక ఉన్నది విప్పి చూసే బుద్ధి.

ఇప్పుడు క్లబ్బులను కలవరపెడుతున్నది పెట్రోలు. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ గాల్లోని తేమను పీలుస్తుంది. నెలల తరబడి కదలని కారు ట్యాంకులో నీళ్ళు అడుగున చేరి తుప్పు పట్టిస్తాయి. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, కార్బురేటరులో కార్కుతో చేసిన తేలుడు ముక్కల పూత కరుగుతుంది. దీనికి విరుగుడుగా గొట్టాలు మార్చుకుంటున్నారు, ట్యాంకు ఖాళీ చేసి పెడుతున్నారు, రెండు వారాలకోసారయినా ఇంజిన్ నడుపుతున్నారు. గొట్టం మారిస్తే అసలు రూపం చెడినట్టా కాదా అని జడ్జీలకు కొత్త పని.

ఈ కార్లను చూడాలనుకునే కుర్రాళ్ళు జగ్గయ్యపేటలో తెల్లవారుజామున హైదరాబాదు బస్సెక్కితే పది, పదకొండు గంటలకల్లా పాతబస్తీ చేరవచ్చు. చౌమహల్లా ప్యాలెస్ చార్మినారుకు నడక దూరం, శుక్రవారం సెలవు. అక్కడ థ్రోన్ కారును చూడ్డమే, ముట్టుకోనివ్వరు. బానెట్ లోపల ఏముందో తెలుసుకోవాలంటే ర్యాలీ రోజున వెళ్ళడం మేలు. యజమానులు ఫోటోలకు నిలబడి ఉంటారు, వాళ్ళను కదిలించకండి. కారు వెనక చేతిగుడ్డతో నిలబడిన మనిషిని అడగండి. ఆయనకు తీరిక ఉంటే కార్బురేటరు నుంచి మాగ్నెటో దాకా అన్నీ విప్పి చెబుతాడు.